లైనస్ పాలింగ్ ఉత్తరాలు, జమాఖర్చులు: పక్కపక్కన పెట్టి చదివితే ఏం తెలుస్తుంది?

రిటైరైన ప్రొఫెసర్లు, శాస్త్రవేత్తల ఇళ్లలో మిగిలిన కాగితాలు సర్ది, జాబితా రాసి, ఏదైనా లైబ్రరీకో యూనివర్సిటీకో అప్పగించే పని నాది. ఎక్కువగా హైదరాబాద్‌లో, అప్పుడప్పుడు విశాఖలో. నేను వెళ్లేసరికి ఇంట్లోవాళ్లు కాగితాలను అప్పటికే రెండు కుప్పలు చేసి ఉంచుతారు. అచ్చయిన పరిశోధన వ్యాసాలు, పేరున్నవాళ్లు రాసిన ఉత్తరాలు, సన్మాన పత్రాలు ఒక కుప్ప. పాస్‌బుక్కులు, చెక్కుల కౌంటర్‌ఫాయిళ్లు, టీఏ బిల్లులు, పబ్లిషర్ పంపిన రాయల్టీ లెక్కలు, ఇంటి లోను కాగితాలు ఇంకో కుప్ప. మొదటిది నాకు, రెండోది పాత పేపర్లవాడికి. "నాన్నగారి సైన్స్ కావాలి గానీ, ఆయన జీతం లెక్కలు ఎవరిక్కావాలండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నోటితో జవాబు చెప్పేకన్నా, రెండు కుప్పలూ విడిపోకుండా మిగిలిన ఒక శాస్త్రవేత్త కాగితాలు చూపించడం మేలు. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఆ శాస్త్రవేత్త లైనస్ పాలింగ్. 1901లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టాడు, 1994లో పోయాడు. రసాయన బంధాల మీద చేసిన పనికి 1954లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అణ్వాయుధ పరీక్షలు ఆపాలని చేసిన పోరాటానికి 1962 శాంతి నోబెల్ వచ్చింది. రెండు నోబెళ్లు, రెండూ ఎవరితో పంచుకోకుండా అందుకున్న మనిషి ఇప్పటిదాకా ఆయనొక్కడే. నాకు మాత్రం ఆయన దగ్గర ఆ బహుమతుల కన్నా విలువైంది ఇంకోటి కనపడుతుంది. ఆయన కాగితం పారేసే మనిషి కాడు.

ఏమేం ఉన్నాయి

1986లో పాలింగ్ తన కాగితాలనూ, అప్పటికి చనిపోయిన భార్య ఏవా హెలెన్ కాగితాలనూ కలిపి, తాము చదువుకున్న ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. మొత్తం దాదాపు 5 లక్షల అంశాలు. పెట్టెలన్నీ వరసగా పేరిస్తే 4,437 అడుగులు, అంటే కిలోమీటరుకు పైమాటే. వాటి కేటలాగే 2006లో ఆరు సంపుటాలుగా అచ్చయింది. 46 పరిశోధన నోటుబుక్కులు, ప్రసంగాల రాతప్రతులు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలు ఎటూ ఉన్నాయి. వాటి పక్కనే బ్యాంకు, ప్రయాణ, ప్రచురణ, ఇంటి వ్యవహారాల కాగితాలూ ఉన్నాయి. ఆయన సొంత ఇనప్పెట్టెలో దొరికిన కాగితాలను వేరే విభాగంగా, ఏ సొరుగులోవి ఆ సొరుగు కిందే ఉంచారు. ఈ పని నాకు చాలా నచ్చింది. ఒక మనిషి ఏ ఉత్తరాన్ని ఆఫీసు ఫైల్లో పెట్టాడు, దేన్ని తాళం వేసి దాచుకున్నాడు అన్నది కూడా సమాచారమే. సబ్జెక్టువారీగా సర్దేస్తే అది శాశ్వతంగా పోతుంది. ఈ కాగితాల్లో చాలా భాగాన్ని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. కొన్ని దశాబ్దాల పాటు పాలింగ్ ఏ రోజు ఎవరికి రాశాడో, ఎవరి దగ్గర్నుంచి ఏం వచ్చిందో చూపించే రోజువారీ పట్టికా తయారైంది.

ఇక్కడ కార్బన్ కాపీ గురించి చెప్పాలి. మామూలుగా ఒక మనిషికి వచ్చిన ఉత్తరాలు ఆయన ఇంట్లో ఉంటాయి, ఆయన రాసినవి అవతలివాళ్ల ఇళ్లలో ఉంటాయి. మన చేతికి సగం సంభాషణే చిక్కుతుంది. పాలింగ్ విషయంలో రెండు సగాలూ ఉన్నాయి. ఆయన చెబుతుంటే సెక్రటరీ టైపు చేసేది, ఒరిజినల్ పోస్టులో పోయేది, పల్చటి కాగితం మీద కాపీ ఫైల్లోకి వెళ్లేది. అప్పటి ఆఫీసు పద్ధతి ప్రకారం అలాంటి కాపీల్లో ఎడమవైపు అడుగున చెప్పినవాళ్ల పొడి అక్షరాలు, వాటి పక్కన టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలు చిన్నగా ఉంటాయి. ఆ చిన్న గుర్తును బట్టి ఏ ఉత్తరం ఆఫీసులో పుట్టిందో, ఏది ఇంట్లో చేత్తో రాసిందో పోల్చుకోవచ్చు. మన యూనివర్సిటీల్లో కంప్యూటర్లు రాకముందు టైపిస్టులు చేసిందీ ఇదే. పాత ఇళ్లలో ఈ పల్చటి కాపీలు కనపడితే "ఒరిజినల్ కాదు కదా" అని పారేస్తుంటారు. ఒరిజినల్ ఏ దేశంలో ఏ చెత్తలో కలిసిందో ఎవరికీ తెలీదు. మనకు మిగిలింది ఆ కాపీయే.

డబ్బు ఎక్కడ మొదలైంది

పాలింగ్ తండ్రికి మందుల షాపు ఉండేది. 1910లో ఆయన చనిపోయాక తల్లి పిల్లల్ని పోషించడానికి ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుంది. ఒరెగాన్ వ్యవసాయ కాలేజీలో చేరిన మొదటి ఏడాది పాలింగ్ కట్టెలు కొట్టాడు, హాస్టల్ వంటింట్లో మాంసం కోశాడు, నేల తుడిచాడు. కూలి గంటకు 25 సెంట్లు. సెలవుల్లో రోడ్లు వేసేచోట ఇన్‌స్పెక్టరుగా చేసి సంపాదించింది తల్లికి పంపితే అది ఇంటి అవసరాలకే సరిపోయింది. 1919లో మళ్లీ కాలేజీకి వెళ్లడానికి డబ్బులేదు. అప్పుడు ఆ కాలేజీవాళ్లే ఆయన్ని పాఠం చెప్పడానికి తీసుకున్నారు, నెలకు 100 డాలర్లు. వయసు 18. ముందు ఏడాది తను చదివిన పాఠాన్నే తర్వాతి బ్యాచ్‌కి చెప్పాడు. 1922లో పీహెచ్‌డీ కోసం కాలిఫోర్నియాలోని సైన్స్ విద్యాసంస్థ కాల్‌టెక్‌కి వెళ్తే స్టైపెండ్ ఏడాదికి 350 డాలర్లు. 1931లో అమెరికన్ కెమికల్ సొసైటీ లాంగ్‌మ్యూర్ ప్రైజ్ కింద 1,000 డాలర్లు ఇచ్చింది. ఈ అంకెల పక్కన పెడితే ఆ వెయ్యి ఎంత పెద్ద మొత్తమో తెలుస్తుంది. వట్టి "ప్రైజు వచ్చింది" అని రాసుకుంటే తెలీదు.

అసలు మలుపు 1947లో. కాల్‌టెక్ మొదటి ఏడాది పిల్లలకు చెప్పిన పాఠాలే "జనరల్ కెమిస్ట్రీ" అనే టెక్స్ట్‌బుక్ అయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పుడే పెట్టిన డబ్ల్యూ.హెచ్. ఫ్రీమన్ కంపెనీ వేసిన మొదటి పుస్తకం అది. బొమ్మలు రోజర్ హేవర్డ్ వేశాడు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది, ఇతర భాషల్లోకీ వెళ్లింది. 1950లో దాన్ని కాస్త సులభం చేసి "కాలేజ్ కెమిస్ట్రీ" తెచ్చాడు. జీతం కాకుండా, గ్రాంటు కాకుండా, ఎవరి సంతకంతోనూ ఆగిపోని మూడో ఆదాయం ఆయనకు అలా మొదలైంది. తర్వాత జరిగినవన్నీ ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి. పాలింగ్ ధైర్యవంతుడే, అందులో సందేహం లేదు. ఆ ధైర్యం ఇంటి ఖర్చులకు అడ్డం పడకుండా కాచింది మాత్రం ఈ రాయల్టీయే అని నా నమ్మకం.

పాస్‌పోర్టు ఫైలు

1952 మే 1న లండన్‌లో రాయల్ సొసైటీ ప్రొటీన్ల నిర్మాణం మీద చర్చ పెట్టింది. అప్పటికి ఏడాది కిందటే ప్రొటీన్లలో ఆల్ఫా హెలిక్స్ అనే మెలిక ఆకారాన్ని చెప్పిన పాలింగ్ లేకుండా ఆ చర్చ జరగడమంటే పెళ్లికొడుకు లేని పెళ్లే. పాస్‌పోర్టు కోసం అప్లై చేశాడు. ఫిబ్రవరి 14 తేదీతో జవాబొచ్చింది: మీ ప్రయాణం అమెరికా ప్రయోజనాలకు మంచిది కాదు, ఇవ్వలేం. సంతకం విదేశాంగ శాఖ పాస్‌పోర్టు విభాగం అధికారి రూత్ షిప్లీది. యుద్ధకాలంలో చేసిన సేవకు అదే ప్రభుత్వం 1948లో ఆయనకు పతకం ఇచ్చింది. దాంతో పాలింగ్ నేరుగా అధ్యక్షుడు ట్రూమన్‌కే ఉత్తరం రాశాడు. ఫలితం లేదు. మే 1 చర్చ ఆయన లేకుండానే అయిపోయింది.

దీని చుట్టూ ఒక కథ అల్లుకుంది. ఆ రోజు పాస్‌పోర్టు ఇచ్చి ఉంటే పాలింగ్ లండన్ వెళ్లి, కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన డీఎన్ఏ ఎక్స్-రే ఫోటోలు చూసి, 1953లో డీఎన్ఏ నిర్మాణం తేల్చిన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వాట్సన్, క్రిక్‌ల కన్నా ముందే దాన్ని చెప్పేసేవాడని చాలామంది రాశారు. వినడానికి బాగుంటుంది. ప్రయాణ కాగితాలను తేదీలవారీగా పేర్చండి. అదే ఏడాది జులైలో ఆయనకు పరిమిత పాస్‌పోర్టు వచ్చింది. ఫ్రాన్స్ వెళ్లాడు, అక్కణ్నుంచి ఇంగ్లండూ వెళ్లాడు, కేంబ్రిడ్జ్‌లో క్రిక్‌ని కలిశాడు కూడా. కింగ్స్ కాలేజీకి మాత్రం వెళ్లలేదు. ఆ ఎండాకాలంలో ఆయన మనసంతా ప్రొటీన్ల మీదే ఉంది. ప్రభుత్వం చేసింది అన్యాయమే, కానీ డీఎన్ఏ దగ్గర ఆయన వెనకబడడానికి అదొక్కటే కారణమని చెప్పడానికి తేదీలు ఒప్పుకోవు. ఒక పేరున్న అభిప్రాయాన్ని సరిచేయడానికి ఇక్కడ సిద్ధాంతమేదీ అక్కర్లేకపోయింది. ఎప్పుడు బయల్దేరాడు, ఏ ఊళ్లో ఉన్నాడు, ఎవరిని కలిశాడు అన్నవి చాలు.

డీఎన్ఏ కథలో ఇంకో కాగితం ఉంది, అదీ ఇంటి ఉత్తరమే. పాలింగ్ కొడుకు పీటర్ 1952 శరదృతువులో కేంబ్రిడ్జ్‌లో రీసెర్చికి చేరాడు. కూర్చునేది వాట్సన్, క్రిక్‌లున్న గదిలోనే. డిసెంబర్‌లో నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, డీఎన్ఏ నిర్మాణం తేల్చామని. పీటర్ ఆ సంగతి పక్కవాళ్లకు చెప్పాడు. వాళ్లకు గుండెల్లో రాయి పడింది. జనవరి చివర్లో పాలింగ్ వ్యాసం కాపీ కూడా పీటర్‌కు చేరింది. అందులో మూడు పోగుల మెలిక, ఫాస్ఫేట్లన్నీ మధ్యలో, వాటి హైడ్రోజన్లు ఊడిపోకుండా అలాగే. డీఎన్ఏ ఒక ఆసిడ్, ఆసిడ్ అన్నాక హైడ్రోజన్లను వదలాలి. పాలింగ్ చెప్పిన నిర్మాణంలో అది ఆసిడ్‌గా లేదు. అది తప్పని వాట్సన్, క్రిక్‌లకు వెంటనే అర్థమైంది. పాలింగ్ తప్పు తెలుసుకునేలోపు తమకు కొద్ది వారాలే ఉంటాయని పరుగు పెంచారు. ఈ ఉత్తరాన్ని కేటలాగులో ఎక్కడ పెట్టాలి? "కుటుంబం" కిందా, "సైన్స్" కిందా? ఒక చోట పెట్టి రెండో చోట తప్పకుండా గుర్తు రాయాలి. కొడుక్కి రాసిన ఉత్తరాల కట్టను "పర్సనల్" అని ముద్ర వేసి పక్కన పడేస్తే, ఆ శతాబ్దపు పెద్ద పరుగుపందెంలో ఒక మలుపు కనపడకుండా పోతుంది.

పాస్‌పోర్టు కష్టం అక్కడితో తీరలేదు. 1954లో నెహ్రూ పిలుపు మీద ఇండియా రావాలనుకుంటే మళ్లీ కాదన్నారు. కొద్ది వారాలకే, నవంబర్ 3న, కెమిస్ట్రీ నోబెల్ ప్రకటన వచ్చింది, దాంతో పాస్‌పోర్టూ వచ్చింది. స్టాక్‌హోమ్‌లో బహుమతి అందుకుని ఇజ్రాయెల్, ఇండియా, జపాన్ చుట్టి వెళ్లాడు. ఆ రోజుల్లోనే అమెరికా ప్రజారోగ్య శాఖ ఆయన రీసెర్చి గ్రాంటును ఆపింది. అదే పనికి ఆయన పేరు తీసేసి, సహచరులు కోరీ, క్యాంప్‌బెల్ పేర్లతో విడిగా అప్లై చేస్తే డబ్బు మంజూరైంది. ల్యాబ్ అదే, ప్రయోగాలు అవే, మారింది పేరొక్కటే. ఇలాంటిది ఏ పరిశోధన వ్యాసంలోనూ కనపడదు, గ్రాంటు ఫైల్లోనే కనపడుతుంది.

స్టాంపుల ఖర్చు ఎవరిది?

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. 1957 మే 15న సెయింట్ లూయీ నగరంలో పాలింగ్ అణుపరీక్షలకు వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆ తర్వాత అక్కడే తోటి శాస్త్రవేత్తలు బ్యారీ కామనర్, ఎడ్వర్డ్ కాండన్‌లతో కూర్చుని చిన్న విజ్ఞప్తి ఒకటి రాశాడు: పరీక్షలు ఆపడానికి అంతర్జాతీయ ఒప్పందం కావాలి. కొద్ది వారాల్లోనే 2,000 మంది అమెరికన్ శాస్త్రవేత్తలు సంతకం పెట్టారు. తర్వాత దాన్ని ప్రపంచమంతా పంపారు. 1958 జనవరిలో పాలింగ్, ఏవా హెలెన్ దాన్ని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్‌కి అందించేనాటికి 9,235 సంతకాలు. చివరికి 49 దేశాల నుంచి 11,021 అయ్యాయి.

దీనికి సంస్థ లేదు, ఆఫీసు లేదు. మొగుడూపెళ్లాలిద్దరూ, కొంత సెక్రటరీ సాయం, కవర్లు, స్టాంపులు. తమ జేబులోంచి పెట్టింది కొన్ని వందల డాలర్లేనని పాలింగ్ చెప్పాడు. అవతలివాళ్లకు నమ్మకం కుదరలేదు. ఇన్ని దేశాల్లో ఇన్ని వేల సంతకాలు వట్టినే రావు, వెనక ఏదో కమ్యూనిస్టు సంస్థ డబ్బు ఉండే ఉంటుందని అనుమానం. 1960 జూన్ 21న సెనేట్ అంతర్గత భద్రతా ఉపసంఘం ఆయన్ని పిలిచింది. ముందుండి నడిపింది సెనేటర్ థామస్ డాడ్. సంతకాల పత్రాలు ఎటూ ఐక్యరాజ్యసమితికి ఇచ్చినవే, చూసుకోమన్నాడు పాలింగ్. వాళ్లకు కావాల్సింది అది కాదు. సంతకాలు సేకరించి పంపినవాళ్ల పేర్లు కావాలి, వాళ్ల ఉత్తరాలు కావాలి. అక్కడ పాలింగ్ కుదరదన్నాడు. ఎక్కువ సంతకాలు సేకరించిన కుర్రాళ్ల పేర్లు బయటపెడితే వాళ్ల ఉద్యోగాలకే ముప్పని ఆయన భయం. పేర్లు ఇవ్వకపోతే జైలుకు పోవాల్సి రావచ్చు. అక్టోబర్ 11న మళ్లీ పిలిచారు, మళ్లీ అదే మాట చెప్పాడు. చివరికి ధిక్కారం కేసు పెట్టకుండానే వదిలేశారు.

పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవిస్టుగా చూస్తే ఆ గదిలో కొట్లాట జరిగింది ఒక ఉత్తరాల ఫైలు గురించి, ఒక తపాలా ఖర్చు గురించి. పోస్టేజీ చిట్టా ఒక మనిషి నిజాయితీకి సాక్ష్యం అయింది. ఉత్తరాల కట్ట మాత్రం ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో మనిషి ఉద్యోగం తీయగలిగేది. రెండూ ఒకే బల్ల మీద పుట్టిన కాగితాలే, కానీ వాటిని బయటపెట్టే పద్ధతి ఒకటి కాకూడదు. పాలింగ్ ఆ తేడాను 1960లోనే, జైలు భయం ముందు పెట్టుకుని పాటించాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఈ ఘట్టాన్ని చదివి తీరాలి.

మొదటి నోబెల్ డబ్బుతో పాలింగ్ దంపతులు కాలిఫోర్నియా బిగ్ సర్ తీరంలో డీర్ ఫ్లాట్ రాంచ్ అనే చోటు కొనుక్కున్నారు. అక్కడ ఫోను లేదు. 1962 ఏడాదికి ఇవ్వాల్సిన శాంతి నోబెల్‌ను ఏడాది ఆలస్యంగా ప్రకటించారు. 1963 అక్టోబర్ 10న ఆ వార్త వచ్చినప్పుడు కూతురు లిండా దగ్గర్లోని ఫారెస్టు రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పాల్సివచ్చింది. అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చిందీ ఆ రోజే. కొద్ది రోజులకే, 1922 నుంచి ఉన్న కాల్‌టెక్‌ని వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. అరవై దాటిన మనిషి నలభై ఏళ్ల ఉద్యోగాన్ని అలా వదులుకోవడం వెనక ఆత్మగౌరవం ఉంది. బహుమతి డబ్బు, పుస్తకాల ఆదాయం, సొంత చోటు కూడా ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసి చెప్పినా కథ సగమే.

దీన్నుంచి నేను నా పనిలోకి తెచ్చుకున్నవి

ఇంట్లోవాళ్లు చేసిన రెండు కుప్పలనూ ముందు ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీస్తాను, ఏ అల్మారాలో ఏ అరలో దొరికాయో రాసుకుంటాను. ఆ తర్వాత ఒక ముఖ్యమైన ఏడాదిని ఎంచుకుని, ఉత్తరాలూ డబ్బు కాగితాలూ కలిపి తేదీలవారీగా ఒకే పట్టికలో ఎక్కిస్తాను. ఉద్యోగం మారిన ఏడాది, విదేశం వెళ్లిన ఏడాది, పుస్తకం వచ్చిన ఏడాది అయితే మంచిది. ఆ ఒక్క ఏడాది పట్టిక చూపిస్తే చాలు, పాత పేపర్లవాడికని కట్టిన మూటను ఇంట్లోవాళ్లే విప్పుతారు.

మన ఇళ్లలో ఒక కాగితం నాకు ప్రాణం: మనియార్డరు కూపన్. డబ్బు అందాక తీసుకున్నవాళ్ల చేతిలో మిగిలే చిన్న ముక్క. పంపినవాళ్లు రెండు మాటలు రాయడానికి అందులో జాగా ఉండేది. "ఫీజుకి సరిపోతుందా? అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?" అదే ఉత్తరం, అదే జమాఖర్చు. చాలా ఇళ్లలో ఇవి పాత డైరీల మధ్య, దేవుడి గూట్లో పంచాంగాల కింద దొరుకుతాయి. వీటిని డబ్బు ఫైల్లోకి నెట్టకుండా, ఏ ఉత్తరాల వరసలో దొరికితే ఆ వరసలోనే ఉంచుతాను.

బతికున్న మూడో మనిషి ఉద్యోగానికో, ఆరోగ్యానికో, పరువుకో సంబంధించిన ఉత్తరాలు, అంటే సిఫార్సులు, ఫిర్యాదులు, అప్పు అడిగినవి, విడి కవర్లో పెట్టి, ఎన్నాళ్ల తర్వాత తెరవొచ్చో కుటుంబంతో మాట్లాడి పైన రాస్తాను. ఆ కవర్ ఉందన్న సంగతి మాత్రం జాబితాలో దాచను. పాస్‌బుక్కుల్లో ఖాతా నంబర్లు, పెన్షన్ కాగితాల్లోని నంబర్లు స్కాన్ కాపీలో కప్పేస్తాను, అసలు కాగితాన్ని ముట్టుకోను. గుండుసూదులు, తుప్పు పట్టిన పిన్నులు తీసేస్తాను. అన్నిటికన్నా ముందు స్కాన్ చేసేది మాత్రం ఏటీఎం స్లిప్పులు, ఈమధ్య కాలపు షాపు రసీదులు. 1950ల కార్బన్ కాపీ ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంటుంది గానీ, ఈ థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్నేళ్లకే ఎగిరిపోతాయి.